రెండు వందల పద్నాలుగో పేజీ

మా నలుగురికీ ఒక కట్టుబాటు ఉండేది. ఒకే పుస్తకాన్ని నలుగురం చదువుతున్నప్పుడు, అందరికంటే వెనక ఉన్నవాళ్ళు ఎన్నో పేజీలో ఉంటే మాట అక్కడిదాకానే సాగాలి. దాటి ఒక్క ముక్క ఎత్తకూడదు. దానికి మేం పెట్టుకున్న పేరు "చిన్న నంబరు". కూర్చోగానే మొదటి ప్రశ్న అదే: ఈ నెల చిన్న నంబరు ఎంత? ఆ కట్టుబాటును తప్పింది నేనొక్కణ్ణే. అదీ ఒక్కసారే.

తొంభైల నడుమ సంగతి. హోసూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీలో నాకు ఇన్‌స్పెక్షన్ పని. ఇనుప రింగులకు గేజీ పెట్టి కొలత చూడడం, సరిపోయినవి ఒక ట్రేలో, సరిపోనివి ఇంకో ట్రేలో వేయడం. ఎనిమిది గంటలు ఆ పని చేసి ఇంటికొచ్చిన మనిషికి ఏం కావాలి? నాకైతే రెండు సూర్యుళ్ళున్న ఆకాశం కావాలి, మాట్లాడే యంత్రాలు కావాలి, నక్షత్రాల మధ్య తిరిగే ఓడలు కావాలి. ఇంట్లో ఈ పిచ్చి ఎవరికీ పట్టేది కాదు. "గ్రహాల మీద ఏముంటే మనకేమప్పా, రేషన్ కార్డులో నీ పేరు తప్పు పడిందే, ముందర అది చూడు" అనేవాడు మా నాయన.

బెంగళూరు ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పుస్తకాలు అమ్మే చోట ఒకాయన పరిచయమయ్యాడు. మందుల కంపెనీ రెప్. కృష్ణగిరి, ధర్మపురి వైపు డాక్టర్ల చుట్టూ తిరిగేవాడు. ఇద్దరం ఒకే పుస్తకం మీద చెయ్యి వేసి పోట్లాడి, తిరుగు బస్సులో స్నేహితులమయ్యాం. ఆయన ద్వారా కృష్ణగిరి పోస్టాఫీసులో పనిచేసే ఒక అక్క కలిసింది. ఆమెకు ఓడలు పట్టవు, డ్రాగన్లు కావాలి, మంత్రగాళ్ళు కావాలి. ఒకరోజు స్టాంపుల కోసం వచ్చిన ఒక రైతు ఆమె బల్ల మీది పుస్తకం అట్ట చూసి, "ఇది పామా, తొండా అమ్మా?" అని అడిగాడట. ఆమె చెప్పడం మొదలుపెడితే ఆయన కదల్లేదట, వెనక క్యూలో జనం అరుస్తున్నా. అట్లా నాలుగోవాడు చేరాడు.

ఆయనది గురుబరపల్లి. మామిడి తోపు, కొంచెం రాగి చేను. అప్పటికే యాభై దాటాయి. తమిళ మీడియంలో పదో తరగతి దాకా చదివాడు. ఇంగ్లీషు పుస్తకం చదవాలంటే పక్కన ఇంగ్లీషు–తమిళం నిఘంటువు ఉండాల్సిందే. నేను ఒక వారంలో లాగించేసే పుస్తకం ఆయనకు ఏడాది పైనే పట్టేది. నేను ఆయన్ను అన్నా అనేవాణ్ణి. ఎదురుగా అన్నా, వెనకాల ఎద్దుబండి.

నెలకో ఆదివారం కృష్ణగిరి బస్టాండు దగ్గర ఒక టిఫిన్ హోటల్ మేడమీద కలిసేవాళ్ళం. కలిసే వారానికి ముందు అందరికీ పోస్టుకార్డు రాయాలి: ఇప్పుడు చదువుతున్న పుస్తకం, పేజీ నంబరు, ఒక్క వాక్యం అభిప్రాయం. కార్డుల పద్ధతి అక్కది. "మీ డిపార్టుమెంటుకు గిరాకీ పెంచుతా ఉండావా అక్కా?" అని ఆటపట్టించేవాళ్ళం. పుస్తకం ఒకటే కాపీ ఉంటుంది కాబట్టి దాన్ని ముక్కలు చేసే పని నాది. వెన్ను దగ్గర బ్లేడుతో కోసి, నాలుగు భాగాలు చేసి, ఒక్కోదానికి పాత క్యాలెండర్ అట్ట వేసి దబ్బనంతో కుట్టేవాణ్ణి. మొదట నేను, తర్వాత అక్క, రెప్, చివర అన్న. ఒక ముక్క ముగిస్తేనే తర్వాతి ముక్క చేతికి వస్తుంది. ఇదీ కట్టుబాటే.

అన్న నిదానమే గాని, ఆయన ప్రశ్నలు మాత్రం మామూలువి కావు. మేం ముగ్గురం ఇంజన్ల గురించి, కాంతి వేగం గురించి తెలిసీ తెలియక వాదించుకుంటుంటే ఆయన కాఫీ ముగించి, గొంతు సవరించుకొని ఒకటి అడిగేవాడు. అంతే, మా వాదన పక్కకు పోయేది. మేం చదివినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చిన పుస్తకం విషయంలోనూ అదే జరిగింది. దానికి అట్ట లేదు, మొదటి రెండాకులూ లేవు. మేం దాన్ని "ఓడ" అని పిలిచేవాళ్ళం. మూడు తరాలుగా ప్రయాణం చేస్తున్న ఒక పెద్ద ఓడ, అందులో చెట్లను చూసుకునే ఒక ముసలామె. ఓడలోనే పుట్టింది, నేల అన్నది ఎరగదు. ఎప్పటికైనా ఓడ ఒక నేల మీద దిగుతుందని, తన చేత్తో అక్కడ ఒక విత్తనం వేయాలని ఆమె ఆశ. కథంతా ఆ ఆశే.

"ఆ ఓడలో వాన లేదు, ఎండ లేదు. మరి విత్తనానికి ఇది నా కాలమని ఎట్ల తెలుస్తాదప్పా?" అని అడిగాడు అన్న ఒక నెల.

ఇంకో నెల, "నేల తొక్కకుండా పెరిగినోళ్ళకు పాదాలు పగులుతాయా?" అన్నాడు.

రెప్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఆలోచించాడు. మా ఎవరికీ జవాబు తెలియలేదు. గురుగ్రహం చుట్టూ ఎన్ని చందమామలున్నాయో గంటలు గంటలు మాట్లాడుకున్న మేం, గురుబరపల్లిలో ఆయన ఇంట్లో ఎవరెవరున్నారో మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

"ఓడ" నేను పది రోజుల్లో ముగించాను. ఆ ముగింపు చదివి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అక్క ముగించింది, రెప్ ముగించాడు. చివరి ముక్క తిరిగి నా దగ్గరికి వచ్చింది, అన్నకు ఇవ్వడానికి. నెల నెలా దాన్ని సంచిలో పెట్టుకొని పోవడం, వెనక్కి తేవడం. ఆ ముగింపు గురించి మాట్లాడాలని నా లోపల ఉడికిపోతోంది. కాని చిన్న నంబరు కదలదే! నూట ఎనభై. నూట తొంభై ఆరు. రెండు వందల పద్నాలుగు. మూడో ముక్క రెండు వందల నలభైతో ముగుస్తుంది. అక్కడికి రావడానికి ఈయనకు ఇంకా ఎన్ని నెలలు పడుతుందో!

మా అమ్మ నా గురించి రెండు మాటలు అనేది. నీకు కోపం ముక్కు మీద ఉంటుంది, నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రెండూ ఒకేరోజు కలిశాయి.

మామిడికాయల కాలం. కృష్ణగిరి అంతా గుజ్జు ఫ్యాక్టరీల వాసన. అన్న ఒక గోనెసంచి నిండా బెంగళూరా కాయలు తెచ్చి నాలుగు వాటాలు వేస్తున్నాడు. అక్క అలవాటుగా అడిగింది. "అన్నా, మీ నంబరు?"

"రెన్నూట పద్నాలుగమ్మా."

"పోయిన నెలా అదే కదన్నా?" అన్నాను నేను.

"అవునప్పా. ఇంట్లో ఆమెకు జరమొచ్చి పడుకొనింది. ఈ నెల ఒక పేజీ గూడా ముందరికి పోలేదు."

"ఆమెకు జరమొస్తే నువ్వు చదివేదానికేమన్నా?"

"అది కాదప్పా, చదివేది..." అని ఆయన ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనిస్తేనా!

"ఇంక చదివేదానికేముందన్నా? ఆ ముసలామె నేల చూడనే చూడదు. ఓడ దిగేదానికి ఒక్క దినం ముందర చచ్చిపోతుంది. అయిపోయింది కథ. ఇప్పుడన్నా మాట్లాడుకుందామా?"

అక్క "అయ్యో!" అంది. రెప్ తల దించుకున్నాడు. అన్న చేతిలో మామిడికాయ అట్లాగే ఉంది. "చచ్చిపోతుందా?" అన్నాడు. నన్ను కాదు, ఎవరినీ కాదు. "అట్లనా" అని, ఆ కాయను నా వాటాలో వేశాడు. ఆ తర్వాత గంటసేపు కూర్చున్నాడు, మేం చెప్పిందంతా విన్నాడు, ఏ ప్రశ్నా అడగలేదు. ఇంటికి వచ్చి చూస్తే నా సంచిలో మిగతావాళ్ళకంటే ఒక కాయ ఎక్కువే ఉంది.

మరుసటి నెల ఆయన రాలేదు. కార్డూ రాలేదు. "కాలు జారితే తీసుకోవచ్చప్పా, నోరు జారితే తీసుకోగలవా? పోయి ఆయప్పను చూసి రా" అని అక్క నన్ను కడిగేసింది. "నేనేం చెయ్యగూడనిది చేసినాను? కథే కదక్కా" అన్నాను. మొండితనం! గురుబరపల్లి హోసూరు నుంచి కృష్ణగిరి పోయే దారిలోనే ఉంది. నేనెక్కే బస్సు నెల నెలా ఆ ఊరి స్టాపులో ఆగేది. కిటికీ పక్కన కూర్చొని, దిగేవాళ్ళను చూసి, తల తిప్పుకొని పోయేవాణ్ణి. దిగడానికి ఏమవుతుంది? రెండు మెట్లు. ఆ రెండు మెట్లు దిగడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. నేను ఎద్దుబండి అన్నది ఎవరిని!

అన్న రావడం మానేశాక మా మాటల్లో పస తగ్గింది. చదివినవి చెప్పుకునేవాళ్ళం, బాగుంది, బాగాలేదు అనుకునేవాళ్ళం, లేచేవాళ్ళం. రెప్‌కు బదిలీ అయింది. అక్క తన కూతురి కాన్పు అనీ ఇంకోటనీ రావడం తగ్గించింది. ఒక ఆదివారం నేనొక్కణ్ణే మేడమీద కూర్చొని ఇడ్లీ తిని వచ్చేశాను.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు హోసూరులో వీధికో బ్రౌజింగ్ సెంటర్ వచ్చింది. అక్కడ గంట కూర్చుంటే లోకంలోని నాలాంటి పిచ్చివాళ్ళందరూ కనిపించేవాళ్ళు. "ఈ నెల మీరేం చదువుతున్నారు?" అని ఒకరు మొదలుపెడితే వందమంది జవాబు రాసేవాళ్ళు. మొదటిరోజు సంతోషంతో పిచ్చెత్తిపోయింది నాకు. రెండోరోజు గమనించాను. కథలో ముందు జరిగేది చెప్పాల్సి వస్తే, వాళ్ళు ముందుగా ఒక హెచ్చరిక రాసి, కింద కొన్ని ఖాళీ వరసలు వదిలి, ఆ తర్వాతే చెబుతున్నారు. ఎక్కడో ఎవరో ముఖం తెలియని మనిషి ఇంకా చదవలేదేమోనని అంత జాగ్రత్త! నేనేమో ఎదురుగా కూర్చొని మామిడికాయలు పంచుతున్న మనిషి ముఖం మీద కొట్టినట్టు చెప్పాను. కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేశాను. ఆ వారం మనసు మనసులో లేదు.

తర్వాతి ఆదివారం ట్రంకుపెట్టె అడుగున వెదికితే "ఓడ" చివరి ముక్క దొరికింది. క్యాలెండర్ అట్ట పసుపు పచ్చబడింది. సంచిలో వేసుకొని బస్సెక్కి గురుబరపల్లిలో దిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని నాకూ తెలుసు. పాత కార్డు మీది పేరు చూపిస్తే కొట్టు దగ్గర ఒకాయన ఇల్లు చూపించాడు. నేషనల్ హైవే వెడల్పు చేస్తున్నారు, ఆ దుమ్మంతా ఇంటి గోడల మీద ఉంది. వసారాలో ఒక పెద్దావిడ చింతపండులో గింజలు తీస్తోంది.

"హోసూరు నుంచి వచ్చినానమ్మా. కృష్ణగిరిలో అన్నతో కలిసి పుస్తకాలు చదివేవాణ్ణి."

ఆమె చేతులు ఆగాయి. "ఆయప్ప పొయ్యి రెండేండ్లు దాటిందప్పా" అంది. "గుండెనొప్పి. కూచో. నీళ్ళు తాగు."

నీళ్ళు తాగాను. చెంబు పక్కన పెట్టాను. ఆమే నన్ను ఎగాదిగా చూసి, "గాలి మాదిరి చదివే పిల్లోడుండాడు హోసూర్లో అనేవాడు. నువ్వేనా?" అని అడిగింది.

"నేనేనమ్మా."

"ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే గడ్డం గీసుకొని తెల్లచొక్కా వేసుకొనేవాడు మీకోసరం. వచ్చినాక మీరేమేం చెప్పినారో అంతా నాకు ఒప్పజెప్పేవాడు." కొంచెం నవ్వింది. "నాకు చదువు రాదప్పా. అంకెలు మాత్రం వస్తాయి. పొద్దు గూకే ముందర పశువులకు మేతేసి ఈడ కూచొనేవాళ్ళం. ఆయప్ప ఇంగ్లీషులో ఒక వరస చదివి, ఆ లావు పుస్తకంలో అరవంలో అర్థం చూసి, నాకు తెలుగులో చెప్పేవాడు. ఒక పేజీకి అరగంట. నేను అది యేంది, ఇది యేంది అని అడుగుతా ఉంటి. ఆయప్పకు తెలీకపోతే, ఉండు, ఆదివారం అడిగొస్తా అనేవాడు."

"పాదాలు పగులుతాయా అని అడిగింది... మీరా?"

"నేనే. వాళ్ళకీ తెలీదంట అని వచ్చి చెప్పినాడు."

అంటే మా మేడమీద అయిదో మనిషి ఉండింది. ఆ ప్రశ్నలన్నీ ఆమెవి. ఆమెకు జ్వరం వచ్చిన నెల పేజీ ఎట్లా కదులుతుంది? "అది కాదప్పా, చదివేది..." అని అన్న చెప్పబోయింది ఇదే. నేను ఆ వాక్యం పూర్తి కానివ్వలేదు.

"మరి అన్న వచ్చేది ఎందుకు నిలిపేసినాడమ్మా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఆయప్ప చేసిన పనికి" అంది ఆమె. గింజ ఒకటి తీసి దూరంగా విసిరింది. "ఓడలో ఒక అవ్వ కథ. నాకు జరం తగ్గినాక మళ్ళా మొదలుపెట్టినాడు. ఆ అవ్వ విత్తనాలు మూటగట్టుకొంటా ఉంది. ఆడ చదవతా చదవతా ఆయప్ప గొంతు పట్టుకొనింది. ముందరికి పోలేకపోయినాడు. నాకు తెలిసిపోదా? ముప్పై ఏండ్ల కాపరం! ‘నన్నిడిసి కడదాకా చదివేసినావా?’ అంటిని. తల దించుకొని, ‘ఆఁ, చదివేసినాను’ అన్నాడు. నాకెంత కోపమొచ్చిందో చెప్పలేనప్పా. జతగా పోదామని చెప్పి, నేను పండుకొనుంటే దొంగమాదిరి ముందరికి పోతాడా? ఇంక నాకు చదవద్దు అంటిని. నేను అడగకపోతే ఆయప్పకు ఆడ మీతో మాట్లాడేకి ఏముండాది? పోయేది నిలిపేసినాడు."

నేను సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఆస్పత్రిలో పండుకొన్నప్పుడు గూడా అడిగినాడు. మిగిలింది చదవనా అని. వద్దు పో, నీకు తెలిసిందే కదా అంటిని." ఆమె చింతపండు పక్కకు నెట్టింది. లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో నేను కుట్టిన ముక్కలే, మూడు. "కడ ముక్క మాత్రం యాడ దాచిపెట్టినాడో! ఆయప్ప పొయ్యినాక ఇల్లంతా వెదికినాను. బీరువా, అటక, పంపుసెట్టు గది. దొరకలేదప్పా."

ఆ ముక్క నా ఒళ్ళో సంచిలో ఉంది.

నిజం చెబుతున్నాను, నోరు మూసుకొని వచ్చేద్దామనిపించింది. ఎవరికి తెలుస్తుంది? మాట్లాడకూడని చోట మాట్లాడిన నోరు, మాట్లాడాల్సిన చోట ఎండిపోయింది. కాని నేను లేచి వచ్చేస్తే అన్న ఆ ఇంట్లో ఎప్పటికీ దొంగగానే ఉండిపోతాడు. సంచిలోంచి తీసి ఆమె చేతికిచ్చాను.

ఆమె అట్ట తిప్పి మొదటి పేజీ మూల చూసింది. వేలు పెట్టి అంకెలు చదివింది. "రెన్నూట నలభై ఒకటి." ఒళ్ళోని మూడో ముక్క చివరి పేజీ తిప్పి చూసింది. రెన్నూట నలభై. మళ్ళీ నా ముఖం చూసింది. "ఇది... ఈ ఇంటికి రానే లేదా?"

"రాలేదమ్మా. నా దగ్గరే ఉండింది. అన్న ముందరికి చదవలేదు. ఆయన ఆగింది మీ దగ్గరే. ముగింపు చెప్పేసింది నేను. నిదానంగా చదువుతా ఉండాడని కోపమొచ్చి, అందరి ముందర నేనే అరిచి చెప్పేసినాను. తప్పంతా నాది. ఆయన మీతో అబద్ధం చెప్పినాడు."

ఆమె ఆ రెండు ముక్కలనూ పక్కపక్కన ఆనించి చూసింది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. తిట్టినా బాగుండేది. తిడుతుందనే ఎదురు చూశాను.

"ఎవరో చెప్పినారంటే, ఆ మనుషుల దగ్గరికి ఇంక పోవద్దంటానని భయపడినాడు" అంది చివరికి, నాతో కాకుండా ఆ మూడు ముక్కలతో అన్నట్టు. "ఆయప్పను దొంగ అంటినే నేను. చచ్చేదాకా అంటినే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది. కాసేపయ్యాక, ఏదో ఒకటి చేయాలి కదా అని, "నేను చదివి చెప్పనా అమ్మా? ఆదివారం ఆదివారం వస్తాను" అన్నాను.

ఆమె నాలుగు ముక్కలూ వరసగా పేర్చింది, కవరులో పెట్టి మూతి ముడి వేసింది.

"వద్దప్పా" అంది, కోపం లేకుండానే. "నువ్వు శానా వేగంగా పోతావంట కదా. నేను అంత బిన్న రాలేను."